హైదరాబాద్ పాత పేటల్లో ఒక్కరోజు: చార్మినారా, గోల్కొండా, కోఠీయా, లష్కరా?

హైదరాబాద్ పాత ఊరు చూడాలనుకునేవాళ్లు అందరూ అడిగేది ఒకటే. "ఒక్కరోజే ఉంది, ఎటు వెళ్లమంటారు?" బయటి నుంచి వచ్చేవాళ్లే కాదు, ఇక్కడ ఉంటున్నవాళ్లదీ అదే ఇబ్బంది. ఏళ్ల తరబడి కూకట్‌పల్లిలోనో ఎల్‌బీనగర్‌లోనో ఉంటూ, చుట్టాలొచ్చినప్పుడు చార్మినార్ ముందు ఫొటో దిగి రావడం తప్ప పాత పేటల్ని తీరిగ్గా చూడనివాళ్లు చాలామంది ఉన్నారు. టూర్ బస్సులు ఒకే రోజులో గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అన్నీ చుట్టిస్తాయి. సాయంత్రానికి కాళ్లనొప్పులూ ఫోన్ నిండా ఫొటోలూ మిగులుతాయి. ఏ రాజు తర్వాత ఎవరొచ్చారో కూడా గుర్తుండదు.

నేను మొదటే చెప్పే మాట: రోజుకు ఒక్క పేటే పెట్టుకోండి. కట్టడం చూడడానికి గంట చాలు. పేట అర్థం కావాలంటే మాత్రం దాని సందుల్లో నడవాలి, అక్కడే తినాలి, అక్కడి దుకాణాల ముందు కాసేపు నిలబడాలి. అందుకే నాలుగు పేటల్ని పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది సరిపోతుందో చెబుతున్నాను. గోల్కొండ కోట, చార్మినార్ చుట్టూ ఉన్న పాతబస్తీ, కోఠీ–సుల్తాన్ బజార్, లష్కర్ అని కూడా పిలిచే సికింద్రాబాద్. నాలుగు కాలాలు, నాలుగు రకాల ఏలుబడులు. తెలుగువాళ్లం ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తాం. ఎంచుకునేటప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆ సంగతే.

ఏం చూసి ఎంచుకోవాలి

మొదటిది, మీరు వెతుకుతున్న కథ ఎవరిది? రాజులదా, వ్యాపారులదా, సైనికులదా, చదువుకున్న మధ్యతరగతిదా? మిగతావన్నీ దీని తర్వాతే.

రెండోది, అక్కడ జనం ఇంకా బతుకుతున్నారా? కొన్ని చోట్ల చరిత్ర టికెట్టు కౌంటర్ లోపల ఉంటుంది. కొన్ని చోట్ల రోడ్డు మీదే ఉంటుంది. మొదటి రకంలో బోర్డులూ గైడ్లూ ఉంటారు కాబట్టి చూడడం సులువు. రెండో రకంలో ఏమైనా తెలుసుకుని వెళ్తేనే కంటికి ఆనుతుంది.

మూడోది ఒళ్లు. మెట్లు, ఎండ, రద్దీ, కూర్చునే చోటు, బాత్‌రూమ్. పెద్దవాళ్లనూ చిన్నపిల్లలనూ తీసుకెళ్తుంటే దీన్నే మొదట చూసుకోండి.

నాలుగోది వారం. శుక్రవారం చౌమహల్లా, సాలార్‌జంగ్ రెండూ ఉండవు. ఆదివారం కోఠీ ఒకలా ఉంటుంది, సోమవారం ఇంకోలా ఉంటుంది. రోజు ముందే ఖాయమైపోయి ఉంటే దాన్ని బట్టి పేటను మార్చుకోవడమే మంచిది.

| | గోల్కొండ | చార్మినార్ పాతబస్తీ | కోఠీ–సుల్తాన్ బజార్ | సికింద్రాబాద్ |
|---|---|---|---|---|
| ఏ కాలం | 1518–1687, కుతుబ్ షాహీలు | 1591 నుంచి నేటి దాకా | 1803 నుంచి 1940ల దాకా | 1806 నుంచి, దండు కాలం |
| ఎవరి కథ | రాజులు, కోట, వజ్రాల వ్యాపారం | నగర నిర్మాణం, బజారు, నిజాంలు | రెసిడెంటు, సాహుకార్లు, తెలుగు ఉద్యమం | సైన్యం, వలస వచ్చిన కుటుంబాలు |
| నడక | సుమారు 360 మెట్లు, ఎండ | చదును, విపరీతమైన రద్దీ | చదును, ఇరుకు సందులు | చదును, చోట్లు దూరం దూరం |
| మెట్రో | దగ్గర్లో లేదు | ఎంజీబీఎస్‌లో దిగి ఆటో | పేట మధ్యలోనే స్టేషన్లు | చుట్టూ చాలా స్టేషన్లు |
| మంచి వేళ | పొద్దున్నే | మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి దాకా | పనిరోజు పొద్దున | పొద్దున, లేదా బోనాల ఆదివారం |
| ముందే చదవాలా | అక్కర్లేదు | కొంచెం | తప్పకుండా | కొంచెం |

గోల్కొండ: పిల్లలున్నవాళ్ల మొదటి ఎంపిక

నాలుగింటిలో చూడడానికి అన్నిటికంటే సులువైనది గోల్కొండ. కాకతీయుల కాలంలో మట్టికోటగా మొదలై, బహమనీల చేతికి వెళ్లి, 1518 నుంచి కుతుబ్ షాహీల రాజధాని అయింది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీది భవనం బాలా హిస్సార్‌లో వినిపించడం, మట్టి గొట్టాలతో కొండ మీదికి నీళ్లెక్కించిన పద్ధతి, చీకటి గదులు, బురుజుల మీద ఫిరంగులు పిల్లలకు గంటల తరబడి సరిపోతాయి. కథ కూడా నాటకంలా సాగుతుంది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు. చివరికి లోపలివాళ్లే తలుపు తీశారు. ఆ తలుపు దగ్గర గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పోరాడాడు.

తెలుగువాళ్లకు ఇక్కడ రామదాసు బందీఖానా ఉంది. పాల్వంచ తహసీల్దారుగా పనిచేసిన కంచర్ల గోపన్న భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడాడని గోల్కొండ చివరి సుల్తాను తానీషా ఇక్కడ బంధించాడు. గోడ మీది విగ్రహాలు ఆయన చెక్కినవేనని అంటారు. అదే తానీషా దగ్గర అక్కన్న, మాదన్న మంత్రులుగా రాజ్యం నడిపారు. అంతకు నూరేళ్ల ముందు ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల్ని పోషించి మల్కిభరాముడని పిలిపించుకున్నాడు. కోట మెట్లెక్కుతుంటే ఇవి గుర్తు చేసుకోండి. ఇక్కడ తెలుగు ఎక్కడో అంచున లేదు. కొలువులోనే ఉంది.

ఇబ్బందులూ చెప్పాలి. మెట్లు ఎక్కువ, నీడ తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది భాగం చూసి ఆగిపోవడం మేలు. కింద కూడా చూడాల్సింది సగానికి పైగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక అసలు ఎక్కొద్దు. ఇంకో సంగతి: టికెట్టు తీసుకుని వెళ్లేది కోట నడిబొడ్డుకు మాత్రమే. బయటి ప్రాకారం చుట్టుకొలత దాదాపు 11 కిలోమీటర్లు, అందులో 87 బురుజులు, ఎనిమిది దర్వాజాలు. ఆ ప్రాకారం లోపల చోటా బజార్, బడా బజార్ అని ఇళ్లూ దుకాణాలూ ఉన్నాయి, జనం తరతరాలుగా అక్కడే ఉంటున్నారు. చాలామంది ఆటోలో వాటి మధ్య నుంచే వెళ్తారు కానీ దిగి చూడరు. ఒక అరగంట అక్కడ నడవండి.

కోట చూశాక ఓపిక మిగిలితే పక్కనే కిలోమీటరు దూరంలో కుతుబ్ షాహీ సమాధులున్నాయి. పదేళ్లకు పైగా సాగిన మరమ్మతు పనులు 2024లో ముగిశాయి. ఇప్పుడు గుమ్మటాలూ మెట్లబావులూ తోటలూ చూడముచ్చటగా ఉన్నాయి. ఓడిపోయిన తానీషా సమాధి మాత్రం అక్కడ లేదు. ఆయన్ను దౌలతాబాద్‌లో బంధించారు, ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు. కోట, సమాధులు ఒకే కథ కాబట్టి ఈ జంట విషయంలో రెండు చోట్లు ఒకే రోజు చూడడాన్ని నేను కాదనను.

చార్మినార్ పాతబస్తీ: ఊరంటే ఏమిటో తెలియాలంటే

గోల్కొండలో నీళ్లు, చోటు చాలక మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ అవతల 1591లో కొత్త ఊరు కట్టాడు. ప్లాన్ గీసింది ఆయన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ. ముందు ఊరు పుట్టి, తర్వాత చార్మినార్ రాలేదు. చార్మినార్‌ను నడిమధ్యన నిలబెట్టి, దాని నాలుగు కమాన్ల నుంచి నాలుగు దారులు తీసి, ఆ దారుల చుట్టూ ఊరు కట్టారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు పోయే దారి మీదే ఈ కూడలి ఉంది. అంటే ఈ పేట మొదటి నుంచీ బజారే. ఈనాటి రద్దీని చూసి విసుక్కునేవాళ్లకు నేను చెప్పేదదే. రద్దీ ఈ పేటకు పట్టిన తెగులు కాదు, దీన్ని కట్టిందే అందుకు.

అందుకే చార్మినార్ దగ్గర ఆటో దిగొద్దు. నయాపూల్ దగ్గర దిగి, మూసీని చూసి, అక్కడి నుంచి నడవండి. దారి పొడుగునా ఊరి వయసు మారుతూ కనిపిస్తుంది. నది ఒడ్డున హైకోర్టు, ఎదురుగా అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి 1908 సెప్టెంబర్ 28 నాటి వరద తర్వాత లేచిన ఊరికి గుర్తులు. ఆ వరదలో వేలమంది పోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఊరిని బాగుచేయడానికి 1912లో ఒక బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టీలో మీ రెండు పక్కలా కనిపించే రాతి కమాన్ల దుకాణాల వరుస ఆ బోర్డు కట్టించిందే. ముత్యాల దుకాణాల బోర్డుల మీదే కళ్లు పెట్టి నడిస్తే ఈ రాతిపని కనబడదు. తల కొంచెం పైకెత్తండి.

అదే దారిలో పక్కకు తిరిగితే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా, మొహర్రం సంతాపానికి కట్టిన మందిరం. ఊరు పుట్టిన కొద్ది ఏళ్లకే కట్టింది. లోపలి గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ పింగాణీ పలకల పని నాలుగు వందల ఏళ్లుగా రంగు చెదరకుండా ఉంది. కింది భాగం కొంత మూసీ వరదకు పోతే రంగులతో నింపారు. ఆ తేడా కంటికి తెలుస్తుంది. ఈ ఊళ్లో ఒక్క గది మాత్రమే చూడనిస్తారంటే నేను ఆ గదే ఎంచుకుంటాను. చెప్పులు విప్పి, మర్యాదగా అడిగి లోపలికి వెళ్లాలి. మొహర్రం రోజుల్లో అది పూర్తిగా ప్రార్థన స్థలం. చూడ్డానికి వచ్చినవాళ్లు అప్పుడు వెనక ఉండాలి.

కాస్త ముందుకెళ్తే చార్‌కమాన్ అనే నాలుగు కమాన్లు, నడుమ గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్. నాలుగు కమాన్లలో మచ్లీ కమాన్, కాలీ కమాన్ పేర్లు ఇంకా అందరి నోళ్లలో ఉన్నాయి. ఒకప్పుడు ఈ చదరం రాజభవనాల ముంగిలి. ఇప్పుడు పొద్దున దోసె బండ్లు, తర్వాత బంగారం దుకాణాలు. అక్కడి నుంచి చూస్తే కమాన్ నడుమ చార్మినార్ కనిపిస్తుంది. ఫొటోకి అంతకంటే మంచి చోటు లేదు.

చార్మినార్ పైకి ఎక్కనిస్తే ఎక్కండి. మెట్లు ఇరుకు, పెద్దవాళ్లకు వద్దు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889 నాటివి. దక్షిణాన మక్కా మసీదు. 1617 ప్రాంతంలో పని మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో ముగిసింది. కట్టించడం మొదలుపెట్టిన వంశాన్ని కూలదోసినవాడి చేతుల్లో పూర్తయిన మసీదది. ఆవరణలో పలువురు నిజాంల సమాధులున్నాయి. పడమటి వైపు లాడ్ బజార్. లక్క గాజులు ఇక్కడి సందుల్లోని ఇళ్లలోనే తయారవుతాయి. వేడి లక్కను సాగదీసి, గుండ్రంగా చుట్టి, రాళ్లు పొదుగుతారు. దుకాణంలో బేరమాడే ముందు ఒక్క గాజు తయారీ చూడండి. ఆ తర్వాత బేరం కొంచెం మెత్తబడుతుంది.

లాడ్ బజార్ చివర నుంచి చౌమహల్లా దగ్గరే. 18వ శతాబ్దంలో మొదలై 19వ శతాబ్దం మధ్యలో పూర్తయిన నిజాంల దర్బారు. రద్దీలో తిరిగి తిరిగి అలసినవాళ్లకు అక్కడి నీళ్ల తొట్లూ పచ్చికా ఊరట. పెద్దవాళ్లతో వచ్చినవాళ్లు ఈ క్రమాన్ని తలకిందులు చేసుకోవచ్చు. ముందు చౌమహల్లా, తర్వాత చార్మినార్‌ను కింది నుంచే చూసి ఇరానీ చాయ్ తాగి వెనక్కి రావడం.

సాయంత్రం, రంజాన్ నెల రాత్రులు ఈ పేటకు అసలైన వేళలు. హలీం బట్టీల నుంచి పొగ, రాత్రి రెండింటికి కూడా తెరిచి ఉండే బట్టల దుకాణాలు. చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆ రాత్రుల్లో వెళ్లడం మాత్రం కష్టం. బండి తీసుకెళ్లొద్దు, పార్కింగ్ టెన్షన్‌తోనే సగం రోజు పోతుంది. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటో ఎక్కడం నయం.

కోఠీ–సుల్తాన్ బజార్: ఎవరూ చెప్పని పేట, నేను చెప్పేది ఇదే

ఏ టూర్ బస్సూ ఇక్కడ ఆగదు. మెడికల్ పుస్తకాలకూ చీరలకూ వచ్చిపోతారు తప్ప, చరిత్ర చూడడానికి కోఠీ వెళ్లాలని ఎవరికీ తట్టదు. కానీ హైదరాబాద్‌లో తెలుగు తనకంటూ ఒక చోటు వెతుక్కున్నది ఈ పేటలోనే. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

మధ్యలో రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) భవనం, ఉంది. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కోసం 1803లో మొదలైన భవనం. ఖర్చు నిజాంది, నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్లలోని శామ్యూల్ రస్సెల్. ఎత్తైన స్తంభాలు, ముందు రెండు సింహాలు, లోపల రెండు వైపులా వంపు తిరిగి పైకెళ్లే మెట్లు. కిర్క్‌పాట్రిక్ ఇక్కడి ఖానదానీ అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడాడు. పరదా చాటున ఉండే ఆమె ముందు వైపుకు రాలేదు కాబట్టి, భవనం ఎలా ఉందో చూడడానికి జనానా (ఆడవాళ్ల నివాసం) తోటలో చిన్న నమూనా కట్టించాడని అంటారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది. ఆయన 1805లోనే కలకత్తాలో పోయాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని ఈ రెసిడెన్సీ మీదే దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో చంపేశారు. అలావుద్దీన్ అండమాన్‌కు పోయాడు. దక్కనులో 1857 అంటే మొదట చెప్పుకోవాల్సిన చోటు ఇదే.

1949 నుంచి అది ఆడపిల్లల కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. దర్బారు హాలును కొన్నేళ్ల పాటు శ్రద్ధగా బాగుచేశారు. చదువుకునే ఆవరణ కాబట్టి వెళ్లేముందు సందర్శన వేళలూ అనుమతీ కనుక్కోండి. దర్వాజా దాకా వెళ్లి తిరిగి రావడం కంటే ఒక ఫోన్ చేయడం తేలిక.

ఇక చుట్టూ ఉన్న పేట సంగతి. రెసిడెన్సీ చుట్టుపక్కల బజార్లలో 1933 దాకా నిజాం చట్టం చెల్లేది కాదు, బ్రిటిష్ వాళ్ల అధికారం నడిచేది. ఆ ఏడాది తిరిగి నిజాంకు వచ్చాకే సుల్తాన్ బజార్ అనే పేరు స్థిరపడింది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా సంఘం పెట్టాలన్నా అనుమతుల బాధ ఉన్న రోజుల్లో, ఈ బజార్లలో కాస్త గాలి ఆడేది. గుజరాతీ, మార్వాడీ సాహుకార్లు, మరాఠీ వకీళ్లు, చదువుకున్న తెలుగువాళ్లు ఇక్కడ చేరడానికి అదొక కారణం.

1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వెనక ఉన్నారు. బడిలో, కచేరీలో, దస్తావేజుల్లో ఉర్దూ ఉన్న రాజధానిలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి పెట్టుకున్న చోటు అది. నూరేళ్లు దాటి ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో నడుస్తోంది. చీరల దుకాణాల రద్దీ మధ్య ఆ గ్రంథాలయం మెట్లెక్కి, పాత పత్రికల బీరువాల ముందు ఒక గంట కూర్చుంటే, చార్మినార్ ముందు కలగని ఒక దగ్గరితనం తెలుగు చదివేవాళ్లకు కలుగుతుంది. నా మటుకు ఈ ఊళ్లో తెలుగు పాఠకుడు మొదట మొక్కాల్సిన గుమ్మం అదే.

రెండో చోటు వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921 నవంబర్‌లో అక్కడ సంఘ సంస్కార సభ జరిగింది, అధ్యక్షుడు మహారాష్ట్ర సంఘ సంస్కర్త కర్వే. మిగతా భాషల్లో మాట్లాడినప్పుడు విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసింది. అవమానపడిన తెలుగువాళ్లు ఆ వెంటనే టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని ఊరూరికీ తీసుకెళ్లారు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరగడానికి మొదలు ఇదే. తెలంగాణలో ఆ తర్వాతి ముప్పై ఏళ్ల రాజకీయం ఈ నాలుగు వీధుల నుంచి లేచిందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

ఇక ఇబ్బంది. బోర్డులు లేవు, గైడ్లు లేరు. పాత ఇళ్లు చాలా పోయాయి, ఉన్నవాటి ముందు మెట్రో స్తంభాలొచ్చాయి. కథ తెలియకుండా వెళ్తే మామూలు బజారే కనిపిస్తుంది. పిల్లలు అరగంటలో విసుగు చెందుతారు. చార్మినార్ చూడని చుట్టాన్ని ఇక్కడికి తీసుకొస్తే నొచ్చుకోవచ్చు. రోజు విషయంలోనూ ఒకటి వదులుకోక తప్పదు. రెసిడెన్సీ, గ్రంథాలయం కావాలంటే పనిరోజు రావాలి. పక్కనే ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు కావాలంటే ఆదివారం రావాలి. నేనైతే పనిరోజే మంచిదంటాను. పుస్తకాలకు ఇంకో ఆదివారం వస్తుంది. మెట్రో విషయంలో మాత్రం నాలుగింటిలో ఇదే నయం. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ ఒక పక్క, సుల్తాన్ బజార్ స్టేషన్ ఇంకో పక్క. ఒకచోట దిగి నడుచుకుంటూ వచ్చి రెండోచోట ఎక్కొచ్చు.

సికింద్రాబాద్: సంవత్సరంలో ఒక ఆదివారం దీనిదే

నిజాంతో 1798లో కుదిరిన ఒప్పందం తర్వాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ దండు దిగింది. 1806లో సికందర్ జా పేరు పెట్టారు. ఇది రాజు కట్టిన ఊరు కాదు, దండు చుట్టూ పెరిగిన ఊరు. సైన్యానికి సరుకులు అమ్మడానికి వచ్చిన పార్సీలు, తమిళ ముదలియార్లు, గుజరాతీలు ఇక్కడే స్థిరపడ్డారు. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, 1850 నాటి సెయింట్ మేరీస్, ఎంజీ రోడ్డు మీద పార్సీ అగ్ని మందిరం, క్లాక్ టవర్, జనరల్ బజార్, మోండా మార్కెట్ చూడాల్సినవి. మహబూబ్ కాలేజీలో 1893 ఫిబ్రవరిలో, అమెరికా వెళ్లకముందు, వివేకానందుడు ప్రసంగించాడు. బేగంపేటలో 1897లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఇవన్నీ ఒకదానికొకటి దూరం, నడిచి కలపడం కష్టం. పాత రైల్వే స్టేషన్ ముఖద్వారం చూద్దామనుకుంటే దాన్ని కూల్చేశారు, కొత్తది కడుతున్నారు.

మామూలు రోజుల్లో ఈ పేటను మిగతా మూడింటి తర్వాతే పెడతాను. కానీ ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం లెక్క మారిపోతుంది. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో సైన్యంలో ఉన్న సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ ఉజ్జయినీ మహంకాళిని నిలిపాడు. దండు చుట్టూ పుట్టిన ఊరికి దండులోని మనిషే తెచ్చిన దేవత. మర్నాడు రంగం, పచ్చికుండ మీద నిలబడి అమ్మ చెప్పే భవిష్యవాణి. ఆ రెండు రోజుల్లో సికింద్రాబాద్ ఎవరిదో పుస్తకం చదవకుండానే తెలుస్తుంది.

ఆషాఢంలో వచ్చేవాళ్లకు ఇంకో మాట. బోనాలు మొదట గోల్కొండలో, తర్వాత లష్కర్‌లో, ఆ తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజాలో వస్తాయి. ఆ నెలలో ఏ ఆదివారం చేతిలో ఉందో చూసుకుని దాన్ని బట్టి పేటను ఎంచుకుంటే చాలు. ఈ పట్టికలు అక్కర్లేదు.

ఎవరికి ఏది

పదేళ్ల లోపు పిల్లలుంటే గోల్కొండ, పొద్దున ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా అక్కడ ఉండేలా. అమెరికా నుంచి సెలవులకొచ్చిన పిల్లలు పన్నెండు దాటినవాళ్లయితే నేను చార్మినార్‌కే మొగ్గుతాను. కోటలాంటివి వాళ్లు వేరేచోట్ల చూసి ఉంటారు, నాలుగు వందల ఏళ్లుగా అదే చోట నడుస్తున్న బజారును చూసి ఉండరు. నయాపూల్ నుంచి నడిపించండి, గుల్జార్ హౌజ్ దగ్గర ఏదైనా తినిపించండి.

అమ్మానాన్నలతో అయితే చౌమహల్లా, చార్మినార్ కింది నుంచి, చాయ్. అంతకుమించి పెట్టుకోవద్దు. రామదాసు కోసం గోల్కొండే చూడాలని వాళ్లు పట్టుబడితే, బందీఖానా దాకా చేయి పట్టుకుని మెల్లగా తీసుకెళ్లి, బాలా హిస్సార్‌ను వదిలేయండి.

పెళ్లి షాపింగ్ పెట్టుకుని, పనిలో పనిగా చరిత్ర చూద్దామనుకునేవాళ్లకు లాడ్ బజార్, సుల్తాన్ బజార్ రెండూ పనికొస్తాయి. గాజులకు, ముత్యాలకు మొదటిది. చీరలకు, రోజువారీ బట్టలకు రెండోది. చరిత్ర ముందు, సంచులు తర్వాత పెట్టుకోండి. చేతినిండా సంచులతో ఆషుర్‌ఖానాకో గ్రంథాలయానికో ఎవరూ వెళ్లరు.

ఒంటరిగా తిరిగే ఆడవాళ్లు ఏ పేట తేలికని అడుగుతుంటారు. పగలు కోఠీ. స్టేషన్లు దగ్గర, ఎటు చూసినా ఆడవాళ్ల రద్దీయే, కాలేజీ అమ్మాయిలు కనిపిస్తూనే ఉంటారు. పాతబస్తీ కూడా పగలు, సాయంత్రం ఏ ఇబ్బందీ ఉండదు, నెట్టుకోవడం మాత్రం ఉంటుంది.

చార్మినార్, గోల్కొండ ఇదివరకే చూసినవాళ్లకు, ముఖ్యంగా తెలుగు చదివేవాళ్లకు, రాసేవాళ్లకు, పాఠాలు చెప్పేవాళ్లకు నా సమాధానం ఒకటే, కోఠీ. వెళ్లేముందు మాడపాటి గురించీ భాషానిలయం గురించీ ఓ రెండు గంటలు చదవండి. తొమ్మిదిన్నరకు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి, ముందు రెసిడెన్సీ, తర్వాత బజారు, భోజనం అక్కడే ఎక్కడైనా, ఎండ తగ్గాక గ్రంథాలయం. ఇంట్లో పాత తెలుగు పుస్తకాలు చదివేవాళ్లు లేక అట్టపెట్టెల్లో మగ్గుతుంటే, తీసుకుంటారేమో ముందే అడిగి కొన్ని వెంట తీసుకెళ్లండి.